రోమునగరంలో గంగను నిలిపిన శిల్పి

నీరు ఉన్నచోట ఊరు పుడుతుంది. ఊరు పెరిగినకొద్దీ ఆ నీరు చాలదు. అప్పుడు దూరాన్నుంచి నీరు తెచ్చి ఊరి నడుమ పెట్టడం అన్ని దేశాలలోనూ పుణ్యకార్యంగానే ఎంచబడుతూ వచ్చినది. మన రాజులు చెరువులు తవ్వించారు, కోనేళ్ళు కట్టించారు, ఎండాకాలంలో బాటసారులకు చలివేంద్రాలు పెట్టించారు. రోమునగరాన్ని ఏలిన పోపులు ఎక్కడెక్కడి ఊటలనుంచో కాలువల ద్వారా నీరు తెప్పించి, కూడళ్ళలో ఫౌంటెన్లు కట్టించి, వాటిమీద పురాణదేవతల విగ్రహాలు నిలిపారు.

ముంబయివాసులమైన మనకు ఫౌంటెను అనగానే 1864లో కట్టిన ఫ్లోరా ఫౌంటెను మనసులో మెదులుతుంది. దానిమీద నిలుచున్న ఫ్లోరా రోమనుల పూలదేవత. ఆ కూడలికి సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ప్రాణాలర్పించినవారి స్మృతిగా హుతాత్మా చౌక్ అనే పేరు వచ్చినా, పాతవారి నోట ఫౌంటెను అనే మాట పోలేదు. దేవతావిగ్రహాలతో కూడిన ఇటువంటి ఫౌంటెన్లకు పేరుపడ్డ నగరం రోము. ఆ కళను శిఖరానికి తీసుకొనిపోయినవాడు జాన్ లొరెంజో బెర్నీనీ. ఆయన కల్పించిన ఒక ఫౌంటెనులో మన గంగ కూడా కొలువుతీరి ఉన్నది. అందుచేత ఈ ఉగాది సంచికలో ఆయన కథను మన సంఘ సభ్యులకూ, వారి పిల్లలకూ చెప్పాలని మేము సంకల్పించాము.

బెర్నీనీ 1598 డిసెంబరు 7న నేపుల్సు నగరంలో జన్మించాడు. తండ్రి పియెత్రో బెర్నీనీ కూడా శిల్పియే. ఆయన స్వస్థలం ఫ్లారెన్సు దగ్గర సెస్తో అనే ఊరు. పనికోసం నేపుల్సు చేరి, అక్కడి పిల్ల ఆంజెలికా గలాంతెను పెండ్లాడి, అక్కడే సంసారం పెట్టాడు. వారికి 13 మంది సంతానం; మన కథానాయకుడు ఆరవవాడు. 1606 ప్రాంతంలో అయిదవ పాల్ అనే పోపు రోములో ఒక ప్రార్థనామందిరం కట్టిస్తూ పియెత్రోకు పని ఇచ్చాడు. కుటుంబమంతా రోముకు తరలినది. తండ్రిది ఒక ఊరు, తల్లిది ఒక ఊరు, బ్రతుకుతెరువు ఇంకొక ఊరు. ఇటువంటి ఇండ్లలో పిల్లలు ఎట్లా పెరుగుతారో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కామాటీపురాకు ఆ పేరు రావడానికి కారకులైన మన కామాటీల సంతతివారికి అసలే చెప్పనక్కరలేదు.

ఆ రోజులలో శిల్పికి బడి అంటే తండ్రి పనిచేసే చోటే. పిల్లవాడు ఉలి పట్టడం అక్కడే నేర్చాడు. ఎనిమిదేండ్ల వయసులో అతనిని పోపు ఎదుటికి తీసుకొనిపోతే, చూస్తూండగానే ఒక తలబొమ్మ గీసి యిచ్చాడనీ, ఆ గీతలు చూసిన పోపు ఇతడు తన కాలపు మైకెలాంజెలో అవుతాడని జోస్యం చెప్పాడనీ జీవితచరిత్రకారులు రాశారు. గొప్పవారి బాల్యంలో ఇటువంటి కథలు చేరడం సహజమే. కాని పోపు బంధువూ, ధనవంతుడూ అయిన షిపియోనె బోర్గీజె అనే కార్డినలు ఈ యువకుణ్ణి చేరదీసిన మాట మాత్రం చరిత్ర. 1618 మొదలు 1625 వరకు ఏడేండ్లలో ఆ కార్డినలు తోటబంగళా కోసం బెర్నీనీ నాలుగు గొప్ప శిల్పాలు చెక్కాడు.

వాటిలో మూడు పురాణగాథలే. మండుతున్న ట్రాయినగరం నుంచి ముసలితండ్రిని భుజాన మోసుకొని, కొడుకును వెంటబెట్టుకొని వెళ్ళే ఈనియసు ఒకటి. పాతాళానికి రాజైన ప్లూటో ఎత్తుకొనిపోయే ప్రోసర్పినా రెండవది. అపోలో తరుముతుండగా చెట్టుగా మారిపోయే డాఫ్నె మూడవది. ప్లూటో చేతివేళ్ళు ఆ పడుచు తొడలో దిగబడినచోట పాలరాయి మాంసంలాగా మెత్తబడినట్లు కనిపిస్తుంది. డాఫ్నె వేళ్ళ చివరలు ఆకులవుతున్న చోట రాయి ఎంత పలుచన అంటే వెలుగు దానిలోనుంచి ప్రసరిస్తుంది. ఇరవైయేడేండ్లు నిండకుండానే ఆయన ఇవన్నీ పూర్తిచేశాడు. పదిహేనవ గ్రెగరీ అనే పోపు అప్పటికే, అనగా 1621లో, ఆయనకు కవలియెరె అనే బిరుదు ఇచ్చాడు.

కాని ఈ శిల్పాలన్నీ ధనవంతుల లోగిళ్ళలో ఉండేవి. అతిథులు చూసేవారు, మెచ్చుకొనేవారు. వీధిలో పోయే మనిషికి వాటితో పని లేదు. ఆయన కళ వీధిలోకి రావడానికి నీరు కారణమైనది.

1623లో మఫేయో బార్బెరీనీ అనే ఆయన ఎనిమిదవ అర్బను పేరుతో పోపు అయినాడు. ఆయనకు బెర్నీనీ అంటే ప్రాణం. సెయింటు పీటరు దేవాలయంలో బలిపీఠం మీద సుమారు 29 మీటర్ల ఎత్తున కంచుమండపం నిర్మించే పని అప్పగించాడు. మెలితిరిగిన నాలుగు స్తంభాల ఆ మండపం 1633లో పూర్తి అయినది. ఆ పోపే పాంథియను అనే ప్రాచీన ఆలయపు ముఖమండపం నుంచి కంచు ఊడదీయించాడు. దానిలో ఎక్కువ భాగం ఫిరంగులకు పోయినది. అయినా రోము ప్రజలు నొచ్చుకొన్నారు. పూర్వం అనాగరికులు కూడా చేయని పని బార్బెరీనీలు చేశారని ఎత్తిపొడిచారు. 1629లో సెయింటు పీటరు దేవాలయానికి బెర్నీనీయే ప్రధాన వాస్తుశిల్పి అయినాడు. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లు.

అదే కాలంలో తండ్రి పియెత్రో స్పెయిను కూడలిలో ఒక ఫౌంటెను కట్టాడు. దానిలో కొడుకు చెయ్యి కూడా ఉన్నదని పలువురి అభిప్రాయం. నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అని మన సామెత. ఆనాటి ఫౌంటెన్లకు పంపులు లేవు. నీరు ఎంత ఎత్తునుంచి వస్తే అంత ఎత్తుకే చిమ్ముతుంది. ఆ కూడలికి వచ్చే వర్జినె కాలువ నీరు చాలా పల్లాన వస్తుంది. పైకి చిమ్మదు. అందుచేత శిల్పి సగం మునిగిన పడవ ఒకటి చెక్కి, నేలమట్టానికి కొంచెం దిగువన తొట్టిలో ఉంచి, పడవ ప్రక్కలనుంచి నీరు కారేటట్లు చేశాడు. ఉన్న లోపమే అందమైనది. 1629లో ఆ పని ముగిసినది. ఆ సంవత్సరమే పియెత్రో కన్నుమూశాడు.

తండ్రి వద్ద నేర్చిన ఈ జలవిద్యను కొడుకు 1643లో బార్బెరీనీ కూడలిలో చూపించాడు. అక్కడికి వచ్చే ఫెలీచె కాలువ నీరు ఎత్తునుంచి వస్తుంది, కనుక పైకి చిమ్ముతుంది. బెర్నీనీ నాలుగు డాల్ఫిను చేపల తోకలను నిలబెట్టి, వాటిమీద విచ్చుకొన్న పెద్ద ఆల్చిప్పను పెట్టి, దానిపై సముద్రదేవుని కుమారుడైన ట్రైటనును మోకాళ్ళమీద కూర్చుండబెట్టాడు. ట్రైటను తల వెనుకకు వాల్చి శంఖం పూరిస్తాడు. శంఖంలోనుంచి ధ్వనికి బదులు నీటిధార ఆకాశానికి లేస్తుంది. ప్రళయం ముగిసినప్పుడు ట్రైటను శంఖం ఊదగానే పొంగిన జలాలు వెనుకకు మళ్ళినవని రోమను కవి ఓవిడు చెప్పిన గాథ దీనికి మూలం. పాంచజన్యం ఎరిగిన మనకు ఈ దృశ్యం ఎంతో దగ్గరగా తోస్తుంది. పాలరాయి వాడకుండా, రోము పరిసరాలలో దొరికే ట్రావెర్టీను అనే గరుకు సున్నపురాతితో దీనిని చెక్కారు. తడిసి పాచిపట్టినకొద్దీ ఆ రాయి సముద్రంలోనుంచి లేచివచ్చినట్లే ఉంటుంది.

ఇంతవరకు చెప్పి ఆపితే బెర్నీనీ దేవతాసమానుడు అనిపిస్తాడు. ఆయన మనిషి, అందులో ఒకనాడు క్రూరమైన మనిషి. ఈ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఆయన దగ్గర పనిచేసే ఒక శిల్పి భార్య పేరు కొస్తాంజా. ఆమెతో బెర్నీనీకి సంబంధం ఉండేది. ఆమె ముఖాన్ని ఆయన పాలరాతిలో చెక్కుకొన్నాడు. అది ఇప్పుడు ఫ్లారెన్సులోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నది. 1638లో తన తమ్ముడు లుయీజీ కూడా ఆమె ఇంటికి వెళ్ళి వస్తున్నాడని తెలిసినది. బెర్నీనీ తమ్ముణ్ణి ఇనుపకడ్డీతో కొట్టి ప్రక్కటెముకలు విరిచాడు. కత్తి దూసి వీధులవెంట తరిమాడు. నౌకరును పంపి కొస్తాంజా ముఖం క్షురకత్తితో కోయించాడు. దీనికి శిక్షలు పడ్డవి. నౌకరు శిక్ష అనుభవించాడు. తమ్ముణ్ణి ఊరినుంచి పంపివేశారు. ముఖం కోయబడిన ఆడదానిని వ్యభిచార నేరం కింద నిర్బంధించారు. చేయించినవానికి 3000 స్కూదిల జరిమానా వేసి, అది కూడా పోపు రద్దు చేశాడు. ఏలినవారి దయ ఉన్నవానికి ఒక న్యాయం, లేనివారికి ఒక న్యాయం. మరుసటి యేడు బెర్నీనీ కతెరీనా తెజీయో అనే ఇరవైరెండేండ్ల యువతిని పెండ్లాడాడు. వారికి 11 మంది పిల్లలు. కొస్తాంజా విడుదలై, భర్త దగ్గరకు తిరిగి వచ్చి, శిల్పాలూ చిత్రాలూ అమ్మే వ్యాపారం నడిపి, 1662లో మరణించినదని పరిశోధకులు కాగితాలు వెదికి వెలికితీశారు. ఒకరి పేరుతో ముడిపడిన నిందగానే కాక, తన కష్టంతో బ్రతికిన స్త్రీగా ఆమె మనకు ఇప్పుడు తెలుస్తున్నది.

ఏలినవారి దయ మీద నిలిచినవాడు ఆ దయతోనే పడిపోతాడు. సెయింటు పీటరు దేవాలయం ముఖభాగం మీద రెండు గంటల గోపురాలు కట్టాలని అర్బను పోపు తలపెట్టాడు. 1641 నాటికి ఒక గోపురం లేచినది. దాని బరువుకు కింది గోడలలో బీటలు కనిపించినవి. 1644లో అర్బను చనిపోయి, పాంఫీలీ వంశస్థుడు పదవ ఇన్నోసెంటు పేరుతో పోపు అయినాడు. ఆయనకు బార్బెరీనీలంటే గిట్టదు. వారు పెంచినవారన్నా గిట్టదు. బెర్నీనీకి ప్రత్యర్థి అయిన బొర్రొమీనీ అనే వాస్తుశిల్పి పునాదుల లోపాలు ఎత్తిచూపాడు. 1646లో గోపురం కూల్చివేయవలసినదని ఆజ్ఞ అయినది. రోములో అందరి కళ్ళముందు ఆ రాళ్ళు ఒక్కొక్కటిగా దిగినవి.

నలభైయేడేండ్ల వయసులో ఆయనకు ఇంత అవమానం. ఆయన ఎవరూ అడగని ఒక శిల్పం చెక్కడం మొదలుపెట్టాడు. కాలపురుషుడు వచ్చి సత్యం మీది ముసుగు తొలగించడం దాని విషయం. సత్యాన్ని మాత్రం చెక్కాడు. కాలపురుషుడి రాయి జీవితాంతం చెక్కనేలేదు. మరణించేవరకు ఆ విగ్రహం ఆయన ఇంటిలోనే ఉన్నది. కాలం మాత్రం వేరొక రూపంలో వచ్చి ఆయన పక్షం వహించినది.

రోములో నవోనా కూడలి అనే పొడవాటి మైదానం ఉన్నది. మొదటి శతాబ్దిలో డొమిషియను చక్రవర్తి కట్టించిన పందెపుమైదానం ఉన్నచోట ఏర్పడినందువల్ల ఇప్పటికీ దానికి ఆ కోలరూపమే ఉన్నది. ఆనాడు అక్కడ సంత జరిగేది. పోపు ఇన్నోసెంటు వంశపు భవనం ఆ మైదానం ఒడ్డునే ఉన్నది. తన ఇంటిముందు గొప్ప ఫౌంటెను ఒకటి కట్టించాలనీ, ఆప్పియను మార్గం ప్రక్కన ముక్కలై పడివున్న ఒక రాతిస్తంభాన్ని దానిమీద నిలపాలనీ పోపు నిశ్చయించాడు. అది ఈజిప్టు గ్రానైటు రాయి. దానిమీద డొమిషియనును పొగుడుతూ ఈజిప్టు బొమ్మలలిపిలో రాతలున్నవి. నీరు తెచ్చే పని బొర్రొమీనీకి అప్పగించారు. నాలుగు నదుల రూపాలు పెట్టాలనే ఆలోచన కూడా మొదట ఆయనదే అంటారు. ప్రముఖ శిల్పులందరినీ నమూనాలు అడిగారు. బెర్నీనీని మాత్రం అడగలేదు.

పోపు అన్నకూతురిని పెండ్లాడిన లుడొవీజీ అనే ప్రభువు బెర్నీనీకి హితుడు. ఆయన ప్రోత్సాహంతో బెర్నీనీ ఒక చిన్న నమూనా తయారుచేశాడు. పోపు భోజనం ముగించి నడిచివెళ్ళే గదిలో దానిని ఉంచారు. పోపు చూశాడు, అరగంట సేపు కదలలేదట. బెర్నీనీ చేసినది వద్దనుకొనేవారు దానిని చూడకుండా ఉండడం ఒక్కటే మార్గమని అంగీకరించాడట. ఈ కథలో చిలువలు పలువలు ఎన్ని ఉన్నా, 1648లో పని బెర్నీనీకే దక్కిన మాట వాస్తవం.

అప్పుడు రోములో పంటలు బాగాలేవు. రొట్టె ధర మండిపోతున్నది. ఫౌంటెను ఖర్చుకోసం పన్నులు పెంచారు. రొట్టె మీద కూడా పన్ను పడినది. మొత్తం ఖర్చు సుమారు 29,000 స్కూదిలు అయినదని లెక్కలున్నవి. ఆకలిగొన్న జనం రాత్రివేళ వచ్చి, కూడలికి చేర్చిన రాళ్ళమీద కాగితాలు అంటించిపోయేవారు. మాకు స్తంభాలు వద్దు, ఫౌంటెన్లు వద్దు, రొట్టె కావాలి అన్నది వాటి సారాంశం. ఆ కాగితాలు రాసినవారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. ఈ ఫౌంటెనును పొగిడేటప్పుడు ఆ పేరులేని వారిని కూడా తలచుకోవాలి. దాని వెల చెల్లించినది వారే గదా!

పని మూడేండ్లు సాగినది. బెర్నీనీ ట్రావెర్టీను రాతితో ఒక కొండ కట్టించాడు. దానిని నాలుగు వైపులా గుహలాగా తొలిపించాడు. ఇవతలినుంచి చూస్తే అవతల కనిపిస్తుంది. ఆ బోలుకొండ నెత్తిన, కింద ఆధారం లేదా అనిపించేటట్లు, సుమారు 16 మీటర్ల గ్రానైటు స్తంభాన్ని నిలిపాడు. బరువంతా మూలలలోని నాలుగు రాతికాళ్ళమీదికి దిగిపోతుంది. గోపురం కూలిన శిల్పి, బరువుల లెక్క తెలియదని నింద మోసిన శిల్పి, నడివీధిలో శూన్యం మీద శిల నిలబెట్టి జవాబు చెప్పాడు. ఒకసారి గాలివానకు స్తంభం పడిపోతుందని పుకారు పుడితే, ఆయన వచ్చి నాలుగు సన్నని త్రాళ్ళు స్తంభానికి కట్టి, ఎదుటి ఇండ్లకు బిగించి, ఇక భయం లేదన్నట్లు నవ్వుకొంటూ పోయాడని రోమువారు చెప్పుకొంటారు.

కొండ నాలుగు మూలలా నలుగురు నదీదేవతలు. యూరపుకు డాన్యూబు, ఆఫ్రికాకు నైలు, అమెరికాకు రియో దె లా ప్లాటా, ఆసియాకు గంగ. నమూనా బెర్నీనీది, చెక్కినవారు నలుగురు శిల్పులు. డాన్యూబును రాజ్జీ, నైలును ఫాన్చెల్లీ, ప్లాటాను బరాతా, గంగను ఫ్రాన్సు దేశీయుడైన క్లోద్ పూసెను చెక్కారు. నైలునది జన్మస్థానం అప్పటికి యూరపువారికి తెలియదు కనుక ఆ విగ్రహం తలమీద ముసుగు కప్పుకొన్నది. ప్లాటా అంటే వెండి. అందుచేత ఆ విగ్రహం ప్రక్కన నాణెములున్నవి. గంగ చేతిలో పొడవైన తెడ్డు ఉన్నది. ఆ మహానది మీద ఎంతో దూరం పడవలు నడుస్తాయని దాని భావం.

ఇక్కడ మన పాఠకులకు ఒక ఆశ్చర్యం. రోములోని గంగ పురుషుడు! గడ్డం పెంచిన బలిష్ఠుడైన పెద్దమనిషి. గంగమ్మ తల్లి, గోదావరి తల్లి, కృష్ణవేణి అని పిలుచుకొనే మనకు ఇది విడ్డూరంగానే ఉంటుంది. గ్రీకు, రోమను పురాణాలలో నదులు చాలావరకు పురుషదేవతలే. మనలోనూ శోణ, బ్రహ్మపుత్రలను నదములని పుంలింగంలో చెప్పే సంప్రదాయం ఉన్నది. బెర్నీనీకి గాని పూసెనుకు గాని మన దేశం తెలియదు; మకరవాహనం మీది గంగామూర్తి వారి కంటబడలేదు. ప్రయాణికుల మాటలలో గంగ గొప్ప నది అని విన్నారు. తమ పద్ధతిలో తాము గౌరవించారు. భగీరథుడు తెచ్చిన గంగ శివుని తలపైనుంచి దిగినది. బెర్నీనీ తెచ్చిన గంగ రాతికొండ చరియమీద కూర్చుండి రోమువారికి నీళ్ళిచ్చినది.

1651 జూనులో ఫౌంటెను తెరచారు. దానికి ముందు పోపు చూడవచ్చినాడు. అంతా తిరిగి చూసి, నీరు ఎప్పుడు వస్తుందని అడిగాడు. ఇంకా కొంత వ్యవధి కావాలని బెర్నీనీ వినయంగా మనవిచేశాడు. పోపు ఆశీర్వదించి వెనుదిరిగినాడు. గడప దాటబోతుండగా వెనుక హోరుమని శబ్దం. తిరిగి చూస్తే నాలుగు వైపులా నీరు దూకుతున్నది. పోపు పసిపిల్లవానిలా సంతోషించి, తన ఆయుస్సు పదేండ్లు పెరిగినదని మురిసిపోయి, అక్కడి పనివారికి డబ్బు పంచిపెట్టించాడని జీవితచరిత్రలలో ఉన్నది.

ఈ ఫౌంటెనును గురించి గైడులు చెప్పే ఒక కథ ఉన్నది. ఎదురుగా ఉన్న ఆగ్నీసు దేవాలయాన్ని కట్టినది బొర్రొమీనీ. ఆ కట్టడం తనమీద పడుతుందని ప్లాటా విగ్రహం చెయ్యి అడ్డుపెట్టుకొన్నదనీ, చూడలేక నైలు ముసుగు వేసుకొన్నదనీ వారి వేళాకోళం. ఫౌంటెను ముగిసినది 1651లో. దేవాలయం మొదలైనది 1652లో. కనుక ఈ కథ నిలవదు. ఇద్దరు గొప్పవారి నడుమ ఉన్న వైరాన్ని జనం ఎంతకాలం రుచిచూస్తారో మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

రొట్టె పన్ను కట్టిన ప్రజలకు ఆ కూడలి చివరకు ఏమి ఇచ్చినది? 1652 మొదలు 1866 వరకు, ఆగస్టు నెల ఎండలలో వారాంతాలలో ఫౌంటెన్ల నీరు పోయే తూములు మూసివేసి కూడలిని నింపేవారు. ప్రభువుల బండ్లు ఆ నీటిలో చక్రాలు తడుపుకొంటూ తిరిగేవి. పేదపిల్లలు కేరింతలు కొట్టేవారు. సంత 1869 వరకు అక్కడే సాగినది. కూరగాయలు కడుక్కొనేవారూ, దాహం తీర్చుకొనేవారూ ఆ నీటినే వాడుకొన్నారు. కూడలి దక్షిణపు కొసన ఉన్న పాత ఫౌంటెనుకు బెర్నీనీయే తరువాత మూరు విగ్రహం నమూనా ఇచ్చాడు. ఉత్తరపు కొసన నెప్ట్యూను విగ్రహాలు 1878లో గాని రాలేదు. పన్ను అన్యాయమన్న మాట వీటివల్ల చెరిగిపోదు. కాని కార్డినలు తోటలోని డాఫ్నెను చూడలేని మనిషి ఈ గంగ పాదాల దగ్గర కూర్చుండి చద్ది తినగలిగినాడు. ఆ తేడా చిన్నది కాదు.

ఆ తరువాత ఆయనకు తిరుగు లేదు. ఏడవ అలెగ్జాండరు పోపు కాలంలో, 1656 మొదలు 1667 వరకు, సెయింటు పీటరు దేవాలయం ముందున్న మైదానానికి రెండు చేతులు చాచినట్లు 284 స్తంభాల మండపాలు కట్టాడు. 1665లో పదునాలుగవ లూయీ రాజు ఆహ్వానంపై పారిసు వెళ్ళాడు. అక్కడ రాజు ముఖాన్ని పాలరాతిలో చెక్కాడు. లూవ్రు భవనానికి ఆయన గీసిన నమూనాలు మాత్రం కట్టడానికి నోచుకోలేదు. మినర్వా కూడలిలో స్తంభాన్ని మోసే రాతి ఏనుగు 1667లో ఆయన నమూనా ప్రకారం వెలసినది.

ముసలితనంలో ఆయన బండిలో నవోనా కూడలి మీదుగా పోవలసి వస్తే తెర దించుకొనేవాడని చెబుతారు. తాను చేసినది ఎంత తక్కువగా ఉన్నదో చూడడానికి సిగ్గుగా ఉన్నదని కారణం చెప్పేవాడట. లోకమంతా మెచ్చిన పనిలో లోపం తనకు మాత్రమే కనిపించడం నిజమైన పనివాని లక్షణం.

చివరి రోజులలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినది. అంత పనిచేసిన చేతికి కొంచెం విశ్రాంతి న్యాయమేనని ఇంటివారిని ఆయనే ఓదార్చాడట. 1680 నవంబరు 28న, 82వ ఏట, కన్నుమూశాడు. పోపులకు ఆకాశమంత సమాధులు చెక్కిన ఆ మనిషికి తల్లిదండ్రుల ప్రక్కన, సాంతా మరియా మజ్జోరె దేవాలయపు మెట్ల దగ్గర, ఒక సాదా రాతిపలక మాత్రమే ఉన్నది. తండ్రి పనికోసం రోముకు వచ్చినది ఆ దేవాలయానికే. వలసవచ్చిన కుటుంబానికి తొలి పని ఇచ్చిన చోటే తుది చోటు కూడా అయినది.

చనిపోయిన తరువాత కూడా ఆయన కీర్తి ఒక్క తీరున సాగలేదు. పద్ధెనిమిదవ శతాబ్దిలో ప్రాచీన గ్రీకు శిల్పమే ఆదర్శమన్న విమర్శకులు ఆయనది ఆడంబరమని కొట్టివేశారు. ఇరవయ్యవ శతాబ్దిలో పండితులు మళ్ళీ తలకెత్తుకొన్నారు. 1984లో వెలువడిన 50,000 లీరాల ఇటలీ నోటు మీద ఆయన ముఖం, ట్రైటను ఫౌంటెను అచ్చువేశారు. 2002లో యూరో వచ్చి ఆ నోటు పోయినది. ట్రైటను శంఖం మాత్రం ఆగలేదు.

ఉగాది పచ్చడిలో తీపి ఒక్కటే వేస్తే అది పచ్చడి కాదు. ఈ జీవితంలో ప్రతిభ ఉన్నది, దర్పం ఉన్నది, ఒక స్త్రీకి చేసిన ఘోరమైన అన్యాయం ఉన్నది, పడి లేచిన పట్టుదల ఉన్నది. దేనినీ ఏరి పారవేయకుండా చెప్పామనే మా తృప్తి. నేడు మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ యూరపు వెళుతున్నారు. వారిలో ఎవరైనా రోము చేరితే నవోనా కూడలికి వెళ్ళి, నాలుగు విగ్రహాలలో తెడ్డు పట్టుకొన్నవానిని గుర్తుపట్టి, దోసెడు నీళ్ళు ముఖాన చల్లుకొని, ఆ నీటికి రొట్టె అమర్చుకోలేని బీదలు వెల చెల్లించారని ఒక్క క్షణం తలచుకొంటే మా శ్రమ ఫలించినట్లే.